న్యూ వేవ్ ఏది, ఏది కాదు? బ్యాండ్ల లెక్క తేల్చుకుందాం

పోయిన ఎపిసోడ్‌లో పంక్ గురించి మాట్లాడుకున్నాం కదా. ఈ రోజు దాని వెనకాలే వచ్చిన న్యూ వేవ్ గురించి చెప్పుకుందాం.

ఈ మాట వినగానే మనలో చాలామందికి ముందు సినిమా గుర్తొస్తుంది. శ్యామ్ బెనెగళ్ 'అనుగ్రహం', గౌతమ్ ఘోష్ 'మా భూమి' లాంటివాటి గురించి మాట్లాడేటప్పుడు న్యూ వేవ్ అనే మాట వింటూ ఉంటాం. పాటలకి కూడా ఈ పేరు సినిమా నుంచే వచ్చిందండి. 1950ల చివర్లో ఫ్రాన్స్‌లో త్రుఫో, గొడార్ లాంటివాళ్ళు తెచ్చిన కొత్త సినిమాకి ఉన్న పేరే తర్వాత సంగీతానికీ వాడారు.

ముందు మా ఇంట్లో జరిగిన ఒక గొడవ చెప్తాను. మా బావగారు ఎనభైల మొదట్లోనే అమెరికా వెళ్ళిపోయారు. మా అన్నయ్య ఉండేది లండన్‌లో. ఒక పెళ్ళిలో ఇద్దరూ కలిశారు. మాటల్లో బావగారు "న్యూ వేవ్ అంటే దురాన్ దురాన్ కదా" అన్నారు. అన్నయ్య వెంటనే, "అదేంటి బావా, వాళ్ళది న్యూ రొమాంటిక్. న్యూ వేవ్ అంటే ఎల్విస్ కాస్టెల్లో, ఎక్స్‌టీసీ" అన్నాడు. విస్తళ్ళు వేసేదాకా వాదన తెగలేదు. నాకు తర్వాత అర్థమైంది ఏమిటంటే, ఇద్దరూ కరెక్టే. ఎలాగో చూద్దాం.

పేరు ఎందుకు పెట్టారు?

న్యూయార్క్‌లో సీబీజీబీ అని ఒక క్లబ్బు ఉండేది. హిల్లీ క్రిస్టల్ అనే ఆయన 1973లో పెట్టారు. ఆ అక్షరాలకి అర్థం కంట్రీ, బ్లూగ్రాస్, బ్లూస్. అంటే ఆయన అనుకున్నది ఒకటి, అక్కడ పేరొచ్చింది ఇంకొకటి. రమోన్స్, టెలివిజన్, బ్లాండీ, టాకింగ్ హెడ్స్ అందరూ అక్కడే వాయించారు. రమోన్స్ పాట రెండు నిమిషాల్లో తుఫానులా వచ్చి వెళ్ళిపోతుంది. టెలివిజన్ వాళ్ళ గిటార్లు తీరిగ్గా, పొడుగ్గా సాగుతాయి. ఒకళ్ళకి ఒకళ్ళకి పోలికే లేదు. వేదిక ఒకటి, వినేవాళ్ళు ఒకటి, అంతే.

వీళ్ళలో రమోన్స్, టాకింగ్ హెడ్స్ రికార్డులు వేసింది సైర్ అనే కంపెనీ. దాని పెద్ద సీమోర్ స్టైన్. అప్పట్లో పంక్ అంటే రేడియో వాళ్ళు భయపడేవారు. గొడవలు, బూతులు, చిరిగిన బట్టలు... అలాంటి పేరున్న రికార్డు ఎవరు వేస్తారు? అందుకని 1977లో ఆయన, దీన్ని పంక్ అనకండి, న్యూ వేవ్ అనండి అని ప్రచారం చేశారు. లోపల సరుకు అదే, సీసా మీద చీటీ మారింది.

ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మనకి మోహన రాగం అంటే ఆరోహణ, అవరోహణ ఉంటాయి. పాడగానే అవునో కాదో చెప్పేయొచ్చు. న్యూ వేవ్ అలాంటిది కాదు. అది పుట్టినప్పుడే ఒక సౌండుకి పెట్టిన పేరు కాదు, అమ్మడానికి పెట్టిన పేరు. అందుకే ఇన్నేళ్ళైనా వాదన తెగట్లేదు.

మరి ఉమ్మడిగా ఏమీ లేదా?

ఉంది. పంక్ నుంచి వీళ్ళు చిన్న పాట, బిగువైన వాయింపు తీసుకున్నారు. పాత రాక్‌లో లాగా గంటల తరబడి గిటార్ సోలోలు చాలామంది వదిలేశారు. గొంతులో ఒక కంగారు, ఒక వెటకారం ఉంటుంది. అయితే పంక్ వాళ్ళు ఎక్కువమంది ముట్టుకోని చోట్లకి కూడా వీళ్ళు వెళ్ళారు. పోలీస్ బ్యాండ్ రెగేలోకి వెళ్ళింది. టాకింగ్ హెడ్స్ 1980లో 'రిమైన్ ఇన్ లైట్' ఆల్బమ్‌కి ఆఫ్రికా లయలు తీసుకున్నారు. గ్యారీ న్యూమన్ కథ ఇంకా బాగుంటుంది. పంక్ ఆల్బమ్ చేద్దామని స్టూడియోకి వెళ్తే అక్కడ ఎవరో వదిలేసిన మినీమూగ్ సింథసైజర్ కనబడింది. దాంతో ఆయన దారే మారిపోయింది. 1979లో 'ఆర్ ఫ్రెండ్స్ ఎలక్ట్రిక్' పాట బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది.

అమెరికాలో అర్థం ఎలా పెరిగింది?

1981 ఆగస్టు 1న ఎంటీవీ మొదలైంది. రోజంతా నడవాలంటే వీడియోలు కావాలి. అమెరికా బ్యాండ్ల దగ్గర అన్ని లేవు, బ్రిటిష్ వాళ్ళ దగ్గర ఉన్నాయి. హ్యూమన్ లీగ్, దురాన్ దురాన్ అలా అమెరికా ఇళ్ళలోకి వచ్చేశారు. దురాన్ దురాన్ 'హంగ్రీ లైక్ ద వుల్ఫ్' వీడియో తీసింది మన పక్కనే, శ్రీలంకలో. బ్రిటన్‌లో వీళ్ళకి న్యూ రొమాంటిక్, సింథ్ పాప్ అని విడివిడిగా పేర్లున్నాయి. అమెరికాలో అన్నీ కలిపి న్యూ వేవ్ అనేశారు. మా బావగారు విన్నది అది, మా అన్నయ్య విన్నది ఇది.

సరే, తేల్చేదెలా?

నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఒకటి, ఈ బ్యాండు పంక్ తెరిచిన తలుపులోంచి వచ్చిందా? రెండు, వచ్చాక పాప్ వైపో, డాన్స్ వైపో, మెషీన్ల వైపో నడిచిందా?

బ్లాండీ 'హార్ట్ ఆఫ్ గ్లాస్' తీసుకోండి. 1979లో అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ నంబర్ వన్. ఇది డిస్కో, అమ్ముడుపోయారు అని అప్పట్లో తిట్టారు. కానీ ఆ పాట మొదటి రూపం వాళ్ళు 1975లోనే రికార్డు చేసి పెట్టుకున్నారు. రెండు ప్రశ్నలకీ అవుననే జవాబు. కాబట్టి న్యూ వేవే.

జాయ్ డివిజన్? తలుపు అదే, కానీ నడిచింది చీకట్లోకి. దాన్ని పోస్ట్ పంక్ అనడమే నయం. అదే మనుషులు న్యూ ఆర్డర్ అయ్యి 1983లో 'బ్లూ మండే' చేశారు చూడండి, అప్పుడు డాన్స్ వైపు వచ్చారు. ఇక నార్వే వాళ్ళు ఆ-హా, 1985లో 'టేక్ ఆన్ మీ'? సింథసైజర్ ఉంది, వీడియో అద్భుతం, కానీ పంక్ వాసన లేదు. నా లెక్కలో అది సింథ్ పాప్. బావగారు ఒప్పుకోరు, తెలుసు.

ఇప్పుడు అసలు చిక్కు

గ్రేస్ జోన్స్ జమైకాలో పుట్టిన గాయని. 1980లో 'వార్మ్ లెదరెట్' ఆల్బమ్‌లో ప్రిటెండర్స్ పాట పాడింది, నార్మల్ అనే సింథ్ ప్రాజెక్టు పాట పాడింది. వెనక వాయించింది జమైకా జోడీ స్లై, రాబీ. న్యూ వేవ్ వాళ్ళు రెగే కోసం అటు వెళ్తే, ఈమె రెగే వాళ్ళని వెంటబెట్టుకుని ఇటు వచ్చింది. ప్రిన్స్ 1980లో చేసిన 'డర్టీ మైండ్' వినండి, అందులో కూడా ఇదే గాలి. అయినా న్యూ వేవ్ లిస్టుల్లో చాలాసార్లు ఈ రెండు పేర్లూ ఉండవు.

ఇది ఊరికే పేరు గొడవ కాదండి. మొదట్లో ఎంటీవీ నల్లజాతి కళాకారులని చాలా తక్కువగా చూపించేది, మాది రాక్ చానెల్ అనేవాళ్ళు. 1983లో డేవిడ్ బౌవీ ఆ చానెల్‌కే ఇంటర్వ్యూ ఇస్తూ, ఎందుకిలా అని సూటిగా అడిగాడు. డిస్కో, రెగే, ఆఫ్రికా లయలు తీసుకుని తెల్లవాళ్ళు చేస్తే న్యూ వేవ్ అని టీవీలో వచ్చింది. అవే కలిపి నల్లవాళ్ళు చేస్తే వేరే పేరు, వేరే స్టేషన్. చీటీ మీద ఏం రాశారన్నదాన్ని బట్టే ఎవరి పాట ఎవరి చెవిన పడాలో తేలిపోయింది.

అందుకే నా మొదటి ప్రశ్నని కొంచెం మారుస్తున్నాను. పంక్ తలుపులోంచి వచ్చిందా అని మాత్రమే కాదు, ఆ గదిలోకి వేరే తలుపులోంచి వచ్చి వాళ్ళతో కలిసి వాయించిందా అని కూడా అడగాలి. అప్పుడు గ్రేస్ జోన్స్ లోపలే ఉంటుంది, ప్రిన్స్ కూడా ఆ ఒక్క ఆల్బమ్‌కి లోపలే. ఆ-హా మాత్రం గుమ్మం దగ్గరే.

ఈ రాత్రికి ఒక పని చేయండి. పోలీస్ 'రాక్సాన్' విని, వెంటనే గ్రేస్ జోన్స్ 'ప్రైవేట్ లైఫ్' వినండి. రెండూ ఒకే సంచిలో వేస్తారో, రెండు సంచుల్లో వేస్తారో మీరే చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి, నమస్తే.