పదిలో సగం ఎందుకు?

సంక్రాంతి సెలవుల్లో పిన్ని వాళ్ళింటికి వెళ్తే, పదో తరగతి చదివే తమ్ముడికి లెక్కలు చెప్పే పని నా మీద పడింది. వాడిది తెలుగు మీడియం. ‘ఎక్స్ గుణకంలో సగం’ అని వాడు చదువుతుంటే, గుణకం అంటే కోఎఫిషియంట్ అని వాడే నాకు చెప్పాల్సొచ్చింది. అక్కడే సగం పరువు పోయింది. మిగతా సగం ఈ లెక్కతో పోయింది:

ఎక్స్² + 10ఎక్స్ = 39

వర్గాన్ని పూర్తి చేసి సాధించాలి. గబగబా చెప్పేశాను. 10లో సగం 5, దాని వర్గం 25, రెండు వైపులా కలుపు. (ఎక్స్ + 5)² = 64. ఎక్స్ + 5 = 8, కాబట్టి ఎక్స్ = 3.

“పదిలో సగమే ఎందుకక్కా?” అన్నాడు.

“మెథడ్ అంతేరా.”

“గైడులో కూడా అంతే ఉంది. అందుకే పరీక్షలో మర్చిపోయా. నాకు లెక్కలు రావులే” అని పుస్తకం మూసేశాడు.

ఇలాంటివి నేను ఎన్ని చేసుంటానో లెక్కే లేదు. సగం ఎందుకో మాత్రం నాకూ తెలీదు. ఆ రాత్రి వెతికితే దొరికింది. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్-ఖ్వారిజ్మీ ఇదే లెక్కని, ఇవే అంకెలతో, బొమ్మ గీసి చూపించాడు. మనం రోజూ వాడే ‘అల్గారిథమ్’ అన్న మాట ఆయన పేరు నుంచే వచ్చింది. సీఎస్‌ఈ చదువుతూ ఆయన్ని ఇంత ఆలస్యంగా కలవడం కొంచెం సిగ్గే.

పొద్దున్నే పాత క్యాలెండర్ కాగితం, కత్తెర తీసుకుని కూర్చున్నాం. ఒక్కో భుజం ఎక్స్ ఉన్న చతురస్రం ఒకటి కత్తిరించాం. దాని వైశాల్యం ఎక్స్². 10ఎక్స్ అంటే పొడవు ఎక్స్, వెడల్పు 10 ఉన్న దీర్ఘచతురస్రం. రెండూ కలిపితే వైశాల్యం 39. ఈ రెండు ముక్కల్నీ కలిపి ఒకే చతురస్రం చేయాలి. దీర్ఘచతురస్రాన్ని మొత్తంగా ఒక పక్కనే అతికిస్తే బొమ్మ అడ్డంగా సాగిపోతుంది, చతురస్రం అవ్వదు. అడ్డం, నిలువు సమానంగా పెరగాలి. అందుకే దాన్ని నిలువునా చీల్చి 5 వెడల్పున్న ముక్క ఒకటి కుడివైపు, ఇంకోటి కింద పెట్టాం. సగం అక్కడిది!

ఇప్పుడు మూల ఒకటి ఖాళీగా మిగిలింది. “ఐదు ఇంటూ ఐదు” అన్నాడు వాడే. 25 అదే. ‘పూర్తి చేయడం’ అంటే ఆ మూల పూడ్చడమన్నమాట.

అయినా కాగితం మీద రాసేటప్పుడు (ఎక్స్ + 5)² = 39 అని రాశాడు. నేను దిద్దలేదు. “మూలలో ముక్క పెట్టాక కూడా వైశాల్యం 39యేనా?” అని అడిగా. కొట్టేసి 64 రాసుకున్నాడు. రెండు వైపులా కలపమనేది ఇందుకే.

64కి వర్గమూలం -8 కూడా అవుతుంది కాబట్టి ఇంకో మూలం -13. సరిచూస్తే 169 - 130 = 39. సరిపోయింది. “మరి -13 బొమ్మలో ఎక్కడుంది?” అన్నాడు. లేదు. బొమ్మలో ఎక్స్ అంటే పొడవు, పొడవు రుణ సంఖ్య కాదు. అల్-ఖ్వారిజ్మీ కూడా 3 దగ్గరే ఆగాడు. ఆ రెండోది కావాలంటే స్టెప్పులే రాయాలి.

మర్నాడు వాడే ఒక లెక్క తయారు చేసుకొచ్చాడు: ఎక్స్² - 10ఎక్స్ = 39. అతికించడానికి ముక్కలేం లేవు, ఈసారి తీసెయ్యాలి. చతురస్రం కుడివైపు నుంచి 5 వెడల్పు, కింద నుంచి 5 వెడల్పు. కాసేపు కత్తెర పట్టుకుని అలాగే ఉండిపోయి, “అక్కా, మూల ముక్క రెండుసార్లు తీసేస్తున్నాం” అన్నాడు. ఒకసారి వెనక్కి ఇచ్చెయ్యాలి, అంటే మళ్ళీ +25. (ఎక్స్ - 5)² = 64. ఎక్స్ = 13 లేదా -3.

నిన్న బొమ్మలో దొరకని 13 ఇవాళ కాగితం మీద ఉంది.