దేహానికి వేళ తెలుసు

న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలయ్యేసరికి బెంగళూరులో వేసవిలోనైతే సాయంత్రం 6:30, చలికాలంలోనైతే రాత్రి 7:30. ఈ తేడాను పట్టుకునే ఎలక్ట్రానిక్ సిటీలో, వైట్‌ఫీల్డ్‌లో, మారతహళ్లిలో ఎంతోమంది బతుకులు నడుస్తున్నాయి. వాళ్లలో మన తెలుగు పిల్లలకు కొదవ లేదు. చీకటి పడే వేళకు ఆఫీసు క్యాబ్ ఎక్కుతారు. అర్ధరాత్రి దాటాక క్యాంటీన్‌లో కడుపునిండా తింటారు. తెల్లవారాక గదికి చేరి, కిటికీ తెరలు దించి పడుకుంటారు. పగలు ఏడెనిమిది గంటలు నిద్రపోతే లెక్క సరిపోతుందని చాలామంది నమ్మకం. ఆ లెక్క ఎందుకు సరిపోదో చెప్పే పరిశోధనల్లో ముఖ్యమైనదొకటి ఇదే బెంగళూరులో జరిగింది.

నగరానికి ఉత్తరాన జక్కూరులో జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత వైజ్ఞానిక పరిశోధన కేంద్రం ఉంది. 1989లో మొదలైన సంస్థ. మన దేశంలో జీవ గడియారాల, అంటే ఒంటిలోపల వేళలను నడిపే ఏర్పాట్ల, అధ్యయనానికి గట్టి పునాది వేసిన ఎం.కె. చంద్రశేఖరన్ మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో గుహల్లోని గబ్బిలాలను ఏళ్ల తరబడి పరిశీలించి, ఆ తర్వాత ఇక్కడికి వచ్చారు. ఆయనా, విజయ్ కుమార్ శర్మ, అమితాభ్ జోషి, వాసు షీబా కలిసి 1999లో ఒక ఫలితం ప్రచురించారు. మిగల ముగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలున్నాయే, అవే డ్రోసోఫిలా ఈగలు, ఆ పరిశోధనకు ఆధారం.

వాళ్లు తీసుకున్న ఈగల వంశం 600కు పైగా తరాలుగా రాత్రి అన్నదే ఎరగదు. దీపం ఆరదు, ఉష్ణోగ్రత మారదు, తేమ మారదు. మనిషికి తరానికి 25 ఏళ్ల చొప్పున లెక్క కడితే 600 తరాలంటే 15 వేల ఏళ్లు. మామూలుగా ఈ ఈగలు ప్యూపా గూడు చీల్చుకుని తెల్లవారే వేళకే ఎక్కువగా బయటికొస్తాయి. అప్పుడు గాలిలో తేమ ఉంటుంది, లేత రెక్కలు ఎండిపోకుండా విచ్చుకుంటాయి. పొద్దు ఎరగని ఈ వంశంలో ఆ అలవాటు మిగిలి ఉంటుందా అన్నది ప్రశ్న. గాజు గొట్టాల్లోని ప్యూపాలను చీకటివెలుగులు మారే చోట పెట్టి, పగలూ రాత్రీ ఎప్పుడెప్పుడు ఎన్ని ఈగలు బయటికొచ్చాయో లెక్కపెట్టారు. అవి తమ పూర్వుల లాగే వేళకు కట్టుబడి గుంపుగా వచ్చాయి. పూర్తి చీకటిలో పెట్టినా దాదాపు 24 గంటల లయ కనిపించింది.

వాడకం లేని అవయవాలు తరతరాలకూ క్షీణిస్తాయి. చీకటి గుహల్లోని చేపలు కళ్లు పోగొట్టుకున్నది అలాగే. మరి ఈ గడియారం ఎందుకు చెరగలేదు? బయటి పొద్దును కనిపెట్టడమే దాని పని కాదనీ, శరీరం లోపలి పనులను ఒకదానికొకటి అడ్డురాకుండా వరుసలో పెట్టడానికి కూడా అది అవసరం కావచ్చుననీ ఆ శాస్త్రజ్ఞులు సూచించారు. లోపలి పనులంటే తిన్నది అరిగించడం, శక్తిగా మార్చడం, మిగిలింది దాచడం, హార్మోన్లను విడుదల చేయడం.

ఈ గడియారంలోని తొలి జన్యువును 1971లో రోనాల్డ్ కొనోప్కా, సేమూర్ బెంజర్ ఈ ఈగల్లోనే కనిపెట్టారు. అది పనిచేసే తీరును విడమరిచినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. మన కణాల్లో క్లాక్, బీమాల్ అనే రెండు ప్రొటీన్లు కలిసి పెర్, క్రై అనే మరో రెండు ప్రొటీన్ల తయారీని మొదలుపెడతాయి. అవి కణంలో పేరుకున్నాక కేంద్రకంలోకి తిరిగి వెళ్లి తమ తయారీనే ఆపేస్తాయి. క్రమంగా అవి విచ్ఛిన్నమైపోగానే తయారీ మళ్లీ మొదలు. ఈ చక్రం ఒకసారి తిరగడానికి సుమారు ఒక రోజు పడుతుంది.

ఇలాంటి గడియారాలు ఒంట్లో దాదాపు అన్ని కణాల్లోనూ ఉన్నాయి. ప్రధానమైనది మెదడులో, రెండు కళ్ల నరాలు కలిసే చోటుకు కాస్త పైన, 20 వేల దాకా నాడీకణాల గుంపు. కంటిలో పడే వెలుతురును బట్టి అది రోజూ సరిచేసుకుంటుంది. కాలేయం, క్లోమం, కొవ్వు, కండరాల్లోని గడియారాలు మాత్రం మనం తినే వేళను కూడా గట్టిగా పట్టించుకుంటాయి. జెనీవాలో ఉల్రిక్ షిబ్లర్ బృందం 2000లో దీన్ని రుజువు చేసింది. రాత్రి తిరిగే ఎలుకలకు పగటిపూటే మేత పెడితే కొద్ది రోజుల్లో వాటి కాలేయ గడియారం తలకిందులైంది. మెదడు గడియారం మాత్రం వెలుతురునే నమ్ముకుని ఎక్కడున్నది అక్కడే ఉంది.

నైట్ షిఫ్టు చిక్కంతా ఇక్కడే ఉంది. మెదడు రాత్రి అంటుంటే, కడుపులో పడ్డ భోజనం పగలు అంటుంది. పెళ్లి వంటశాలలో వంటవాళ్లు పడుకున్నాక సరుకులు దిగినట్టు ఉంటుంది పరిస్థితి.

హార్మోన్ల తీరు చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. కార్టిసాల్ అర్ధరాత్రి ప్రాంతంలో అట్టడుగున ఉండి, తెల్లవారుజాము నుంచి పెరుగుతూ నిద్రలేచే వేళకు గరిష్ఠానికి చేరుతుంది. ఆ రోజు పనికి కావలసిన గ్లూకోజును రక్తంలోకి వదిలిస్తుంది. ఇన్సులిన్‌కు ఒళ్లు బాగా స్పందించేది పగటి మొదటి భాగంలో. పొద్దున 8 గంటలకు తిన్న నాలుగు ఇడ్లీలనే అదే మనిషి రాత్రి 8 గంటలకు తింటే రక్తంలో గ్లూకోజు మరింత పైకి ఎక్కుతుంది, దిగడానికి ఎక్కువసేపు పడుతుంది. చీకటి పడ్డాక మెదడు విడుదల చేసే మెలటోనిన్ క్లోమం మీద కూడా పనిచేసి ఇన్సులిన్‌ను తగ్గించగలదు. మెలటోనిన్‌ను అందుకునే ఒక గ్రాహక జన్యువులోని మార్పుకు టైప్-2 మధుమేహంతో సంబంధం ఉందని 2009లో తేలింది. నిద్రలో తినం కాబట్టి ప్రకృతి చేసిన ఏర్పాటులో లోపం లేదు. అర్ధరాత్రి బిర్యానీని అది ఊహించలేదు.

అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ షీర్ బృందం 2009లో ఆరోగ్యవంతులను ప్రయోగశాలలో ఉంచి, రోజును 28 గంటలకు సాగదీసింది. గడియారానికీ, తిండీ నిద్రల వేళలకూ పొత్తు తప్పగానే కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గింది, గ్లూకోజు పెరిగింది, కార్టిసాల్ లయ తిరగబడింది. సరైన లెక్కలు దొరికిన ఎనిమిది మందిలో ముగ్గురి గ్లూకోజు, కొద్ది రోజుల్లోనే, మధుమేహానికి ముందుదశ స్థాయికి చేరింది.

అక్కడి పరిశోధకులే 2021లో ఆశ పుట్టించే ఫలితం కూడా ఇచ్చారు. 19 మందిని రాత్రి పనివాళ్ల లాగే మేలుకొలిపి ఉంచారు. రాత్రి తిన్నవాళ్ల సగటు గ్లూకోజు 6.4 శాతం పెరిగింది. పగటివేళల్లో మాత్రమే తిన్నవాళ్లలో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. ఇవి కొద్దిమంది మీద జరిగిన ప్రయోగాలే అయినా, అవి చూపే దారి ఒకటే: రాత్రి మేలుకోక తప్పకపోయినా, రాత్రి తినకుండా ఉండటం చాలావరకు మన చేతిలో ఉంది.

కాబట్టి రాత్రి షిఫ్టువాళ్లు ప్రధాన భోజనం పనికి బయలుదేరే ముందే చేయడం మంచిది. అర్ధరాత్రి నుంచి తెల్లవారే దాకా మంచినీళ్లతో సరిపెట్టుకోవాలి, తప్పదనుకుంటే చాలా తేలికైనదేదైనా తినాలి. పడుకునే గది బాగా చీకటిగా ఉండాలి, లేచాక ఎండ మొహాన పడాలి. ఇన్సులిన్, షుగరు మాత్రలు వాడేవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా తినే వేళలు మార్చకూడదు.

అయితే ఈ భారాన్నంతా ఉద్యోగి మీదకే నెట్టడం న్యాయం కాదు. వారం వారం షిఫ్టులు తిప్పే పద్ధతిని కంపెనీలు మానుకోవాలి. రాత్రి రెండింటికి బిర్యానీ పెట్టడమే సంక్షేమం అనుకోకుండా, సాయంత్రం షిఫ్టు మొదట్లోనే మంచి భోజనం అందించాలి. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వేసిన అంచనా ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది. ఇంతమంది ఉన్న దేశంలో ఏం తింటున్నారని అడిగే ప్రతి డాక్టరూ ఎప్పుడు తింటున్నారని కూడా అడగాలి.

జక్కూరులో ఆ ఈగలు 600 తరాలకూ వదులుకోని గడియారాన్ని మన ఒళ్లు మూడు నాలుగేళ్ల ఉద్యోగంలో వదులుకుంటుందని ఆశించడం తప్పు. ఈసారి షుగరు పరీక్షకు వెళ్లినప్పుడు, డాక్టరు అడగకపోయినా, మీ షిఫ్టు వేళలూ భోజన వేళలూ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.