పాత పుట్టి కొంటున్నారా?

గోరంట్లలో పుట్టి కొనడమేమిటని నవ్వకండి. 2022లో మా ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది గాని, వానదేవుడికి ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. ఈ సీమలో ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. చెరువు నిండేది ఎప్పుడో! నిండిందా, చేపపిల్లలు వదులుతారు. పాత పుట్టికి గిరాకీ పుడుతుంది. ఇంట్లో నగ కుదువపెట్టి కొనేవారూ ఉంటారు.

కొత్తగా కొనేవారంతా అడుగుభాగం చూస్తారు. నేను మాత్రం లోపలి వెదురు చూడమంటాను. గోదావరి పడవను పాడుచేసేది నీరు; మన పుట్టిని పాడుచేసేది నీరు లేకపోవడం. చెరువు ఎండిన ఏళ్లన్నీ అది ఏ చెట్టుకిందో బోర్లా పడి ఉంటుంది. ఎండిన వెదురంటే పుప్పిపురుగుకు విందుభోజనం. బద్దమీద గట్టిగా తట్టండి. పిండిలాంటి పొడి రాలినా, సూదిబెజ్జాలు కనిపించినా లేచి వచ్చేయండి, ధర సగానికి దించినా సరే.

పూర్వం పైన తోలు తొడిగేవారు. ఇప్పుడు పట్టా చుట్టి తారు పూస్తారు. తారు నిగనిగలాడుతుంటే మురిసిపోకండి, అనుమానించండి. పుట్టిని ఎండకు ఎత్తిపట్టించి లోపలినుంచి చూస్తే చిల్లులు చుక్కల్లా మెరుస్తాయి. చిల్లుకు అతుకు వేయవచ్చు గాని పుప్పికి మందు లేదు.

చెరువులో ఇంకా నీళ్లు రాలేదా? పుట్టిని రాళ్లమీద నిలిపి, రెండు బిందెల నీళ్లు పోసి తెల్లారేదాకా ఉంచండి. కింద నేల తడిస్తే తెలిసిపోతుంది. నీళ్లుంటే మోకాటిలోతులో వేయించి ముందు అమ్మేవాణ్ణే ఎక్కించండి. ఆయన తటపటాయించాడో, డబ్బు మొలలోనే ఉంచుకోండి!

బేరంలో తెడ్డు కూడా కలపమనండి. ఈత రానివారికి గాలి కొట్టిన ట్యూబు మాత్రం వేరే కొనుక్కోవలసిందే.