క్లిప్పులు తీశాక అసలు పని మొదలు.. రిటైనర్ పెట్టుకోకపోతే పళ్లు మళ్లీ ఎందుకు వంకరపోతాయి?

నిజామాబాద్: పళ్లకు క్లిప్పులు.. అదేనండీ, బ్రేసెస్. ఊళ్లల్లో చాలామంది 'పండ్లకు తీగెలు' అనేది వీటినే. ఈ ట్రీట్‌మెంట్ కోసం ఇప్పుడు హైదరాబాద్ దాకా వెళ్లాల్సిన పని లేదు. నిజామాబాద్ ఖలీల్‌వాడిలోనే అయిపోతోంది. బోధన్, వర్ని, కోటగిరి వైపు వాళ్లు కూడా పిల్లల్ని తీసుకొని నెలనెలా ఇక్కడికే వచ్చి తీగెలు బిగించుకుని వెళ్తుంటారు.

మామూలుగా ఏడాదిన్నర నుంచి రెండేళ్ల కష్టం. వేలల్లో ఖర్చు. చెరుకు బిల్లు డబ్బు కావచ్చు, గల్ఫ్ నుంచి నాన్న పంపిన డబ్బు కావచ్చు.. ఏ ఇంట్లోనూ అది చిన్న మొత్తం కాదు. చివరికి ఒక రోజు క్లిప్పులు తీసేస్తారు. అద్దంలో చూసుకుంటే పలువరుస చక్కగా, తీర్చిదిద్దినట్టు ఉంటుంది. ఇంటిల్లిపాదీ హ్యాపీ.

అదే రోజు డాక్టర్ ఒక చిన్న డబ్బా చేతిలో పెడతారు. అందులో ఉండేదే రిటైనర్. 'ట్రీట్‌మెంట్ అయిపోయింది కదా, మళ్లీ ఇదెందుకు?' అనుకుని దాన్ని అల్మారాలో పడేశారో.. కొన్ని నెలల్లోనే ముందు పన్ను మెల్లగా పక్కకు తిరగడం మొదలవుతుంది. పెట్టిన డబ్బు, పడ్డ నొప్పి రెండూ వృథా అయ్యే ప్రమాదం ఉంది. ఇంతకీ పళ్లు ఎందుకు వెనక్కి వెళ్తాయి? రిటైనర్ ఎన్నాళ్లు పెట్టుకోవాలి? పోతే ఏం చేయాలి? చూద్దాం.

పన్ను గోడలో మేకు కాదు

చాలామంది పన్ను ఎముకలో మేకులా దిగి ఉంటుందని అనుకుంటారు. అది నిజం కాదు. పన్ను వేరుకు, దవడ ఎముకకు మధ్య సన్నటి పీచు లాంటి పొర ఉంటుంది. పన్నును పట్టి ఉంచేది అదే. క్లిప్పుల తీగె పన్నును నెమ్మదిగా నెట్టినప్పుడు, ఒత్తిడి పడిన వైపు ఎముక కరుగుతుంది. రెండో వైపు కొత్త ఎముక పుడుతుంది. పన్ను జరిగేది ఇలాగే.

క్లిప్పులు తీసిన రోజున పన్ను కొత్త చోటికి వచ్చి ఉంటుంది కానీ, దాన్ని పట్టుకునే పీచు ఇంకా సర్దుకోదు. చుట్టూ ఉన్న ఎముక కూడా పూర్తిగా గట్టిపడదు. వేరు చుట్టూ ఉన్న పీచు సర్దుకోవడానికి 3 నుంచి 4 నెలలు పడుతుంది. చిగురులోని పీచుకు 4 నుంచి 6 నెలలు. ఇక ఎముకకు పైన, పన్ను మెడ చుట్టూ రబ్బరు లాంటి సాగే పీచు ఉంటుంది. దానికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పట్టొచ్చు. అప్పటిదాకా అది పన్నును పాత చోటికే లాగుతూ ఉంటుంది.

చెరుకు రైతులకైతే ఇది ఇట్టే అర్థమవుతుంది. ఏపుగా ఎదిగిన చెరుకు గాలికి పడిపోకుండా జడచుట్లు కడతారు కదా. రిటైనర్ చేసేది కూడా ఆ పనే. పన్నును కొత్తగా జరపదు.. జరిగిన చోట నిలబెడుతుంది.

ఎవరికి రిస్క్ ఎక్కువ?

అందరి పళ్లూ ఒకేలా వెనక్కి వెళ్లవు. ఈ మూడు రకాల వాళ్లు మాత్రం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

• పన్ను గుండ్రంగా తిరిగి ఉండి, దాన్ని సరిచేయించుకున్నవాళ్లు. సాగే పీచు లాగుడు ఇక్కడే ఎక్కువ.

• పై ముందు పళ్ల మధ్య సందు మూయించుకున్నవాళ్లు.

• కింది ముందు పళ్లు ఒకదానిపై ఒకటి ఎక్కి ఉండి, సరిచేయించుకున్నవాళ్లు.

ఈ విషయంలో అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధన ఒకటి బాగా పేరు పొందింది. కొన్ని పళ్లు తీసి, క్లిప్పులు వేయించుకున్నవాళ్లను రాబర్ట్ లిటిల్ బృందం ఏళ్ల తరబడి గమనించి 1988లో ఫలితాలు ప్రచురించింది. రిటైనర్ ఆపేసిన 20 ఏళ్లకు కింది ముందు పళ్ల వరుస ఫర్వాలేదు అనిపించేలా ఉన్నది దాదాపు 10 శాతం మందికే. మిగతావాళ్లకు ఎంతో కొంత వరుస చెదిరింది.

ఇంకో మాట. అసలు క్లిప్పులే వేయించుకోని వాళ్లకు కూడా వయసు పెరిగేకొద్దీ కింది ముందు పళ్లు కాస్త ఇరుకవుతుంటాయి. ఇది శరీరంలో మామూలుగా వచ్చే మార్పే. 'జ్ఞానదంతం వచ్చి ముందు పళ్లను నెట్టేసింది' అని చాలామంది అంటుంటారు కానీ, దానికి గట్టి ఆధారాలు లేవు. వరుస కోసమని మాత్రమే జ్ఞానదంతాలు పీకించుకోవాల్సిన అవసరం లేదు.

రిటైనర్లు ఎన్ని రకాలు?

ముఖ్యంగా మూడు.

ప్లేటు, తీగె ఉన్నది: దీని పేరు హాలీ రిటైనర్. అమెరికన్ డెంటిస్ట్ చార్లెస్ హాలీ పేరు మీద వచ్చింది. వందేళ్లకు పైగా వాడుకలో ఉంది. అంగిట్లో రంగు ప్లేటు, ముందు పళ్ల మీద సన్నటి తీగె ఉంటాయి. గట్టిది. కాస్త వదులైతే డాక్టర్ బిగించి ఇవ్వగలరు. కానీ నవ్వితే తీగె కనిపిస్తుంది, మొదట్లో కొన్ని రోజులు మాట తడబడుతుంది.

అద్దంలా కనిపించేది: పళ్ల అచ్చు తీసి, పల్చటి ప్లాస్టిక్‌తో తొడుగులా చేస్తారు. పెట్టుకున్నా పెద్దగా తెలియదు. కాలేజీ పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. కాకపోతే అరిగిపోతుంది, పగులుతుంది, వేడి తగిలితే ఆకారం మారుతుంది. కొన్నాళ్లకు కొత్తది చేయించుకోవాల్సిందే.

అతికించేది: ముందు పళ్ల వెనక వైపు సన్నటి తీగెను అతికిస్తారు. ఎవరికీ కనిపించదు, మర్చిపోయే సమస్య లేదు. కానీ తీగె చుట్టూ గార పేరుకుంటుంది. మామూలు బ్రష్ ఒక్కటే సరిపోదు, పళ్ల సందుల్లో దూరే చిన్న బ్రష్ కూడా వాడాలి.

ఏది ఎవరికి సరిపోతుందో పళ్ల పరిస్థితిని బట్టి డాక్టరే చెప్పాలి. కొంతమందికి వెనక తీగె అతికించి, రాత్రికి తొడుగు కూడా ఇస్తారు.

ఎన్నాళ్లు పెట్టుకోవాలి?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. సాధారణంగా మొదటి కొన్ని నెలలు తినేటప్పుడు, బ్రష్ చేసేటప్పుడు తప్ప రోజంతా పెట్టుకోమంటారు. తర్వాత రాత్రిపూట చాలంటారు. కొందరికి మొదటి నుంచే రాత్రిపూట మాత్రమే చెప్తారు. మీ డాక్టర్ ఏం చెప్తే అదే ఫైనల్.

మరి ఎప్పుడు ఆపేయొచ్చు? ఇప్పుడు చాలామంది ఆర్థోడాంటిస్టులు చెప్పే మాట ఒక్కటే.. పళ్లు వరుసగా ఉండాలని ఎన్నాళ్లు అనుకుంటే అన్నాళ్లు. ఏళ్లు గడిచాక వారంలో కొన్ని రాత్రులు సరిపోవచ్చు కానీ, పూర్తిగా మానేస్తే గ్యారెంటీ ఉండదు.

ఇక్కడే మన ఇళ్లల్లో ఒక చిక్కు వస్తుంది. పెళ్లి కుదిరిందనో, వీసా వచ్చిందనో హడావిడిగా క్లిప్పులు తీయించేస్తారు. పెళ్లయ్యాక అత్తారింట్లో రాత్రి రిటైనర్ పెట్టుకోవడానికి అమ్మాయికి మొహమాటం. గల్ఫ్‌లో రూమ్‌లో పది మంది మధ్య పెట్టుకోవడానికి అబ్బాయికి సిగ్గు. అలా ఆరు నెలలు గడిస్తే చాలు, తేడా తెలిసిపోతుంది. ఇలాంటి ప్లాన్ ఉంటే ముందే డాక్టర్‌కు చెప్పాలి. వెనక వైపు అతికించే తీగె వీలవుతుందేమో అడగాలి. ఊరు వదిలి వెళ్లేవాళ్లు రెండు సెట్లు చేయించుకుంటే ఇంకా మంచిది.

చెరుకు గడ, సకినాలు, పసుపు.. ఇవి గుర్తుంచుకోండి

బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఫ్యాక్టరీ ఆగినా చెరుకు గడ పళ్లతో చీల్చుకుని తినే అలవాటు మాత్రం ఆగలేదు. పళ్ల వెనక తీగె అతికించి ఉన్నవాళ్లు ఆ పని చేయొద్దు. ముందు పళ్లతో గడ చీలిస్తే అతుకు ఊడిపోతుంది. చెరుకు తినాలంటే చిన్న ముక్కలు కోసుకుని, వెనక పళ్లతో నమలాలి. తినేశాక నోరు బాగా పుక్కిలించాలి.

సంక్రాంతికి చేసే గట్టి సకినాలు, కాల్చిన మక్క కంకులు, అంకాపూర్ నాటుకోడి బొక్కలు.. వీటికీ ఇదే రూల్. మక్కలు ఒలుచుకుని తినాలి, సకినం విరుచుకుని వెనక పళ్ల కింద పెట్టుకోవాలి.

చెరుకు రసం, కూల్‌డ్రింక్, తీపి టీ తాగేటప్పుడు తొడుగు రిటైనర్ తీసేయాలి. లేదంటే ఆ తీపి తొడుగుకు, పన్నుకు మధ్య చిక్కుకుపోతుంది. లాలాజలం దాన్ని కడగలేదు. పుచ్చు పట్టడానికి ఇంతకంటే మంచి అవకాశం ఉండదు. రిటైనర్ పెట్టుకుని మంచినీళ్లు మాత్రమే తాగాలి.

ఇక పసుపు. పసుపు పంటకు పేరున్న జిల్లా మనది, కూరల్లో దానికి కొదవ ఉండదు. రిటైనర్ పెట్టుకునే కూర తింటే అద్దంలాంటి తొడుగు పచ్చబడుతుంది. ఆ మరక అంత తేలిగ్గా పోదు.

ఎక్కువగా పోయేది ఫంక్షన్‌లోనే

భోజనానికి కూర్చుంటారు, రిటైనర్ తీసి టిష్యూ పేపర్‌లో చుట్టి విస్తరి పక్కన పెడతారు. తిన్నాక విస్తరితో పాటు అదీ చెత్తలోకి పోతుంది. డాక్టర్లు తరచూ వినే కథ ఇదే. అందుకే రూల్ సింపుల్.. రిటైనర్ ఉంటే నోట్లో ఉండాలి, లేదంటే డబ్బాలో ఉండాలి. జేబు, టిష్యూ, దిండు కింద.. ఇవేవీ దాని చోటు కాదు.

మరికొన్ని జాగ్రత్తలు:

• వేడి నీళ్లతో కడగొద్దు. చల్లటి నీళ్లు, మెత్తటి బ్రష్, కాస్త సబ్బు నురుగు చాలు. టూత్‌పేస్ట్‌తో గట్టిగా రుద్దితే తొడుగు మీద గీతలు పడి వాసన మొదలవుతుంది.

• ఎండాకాలం నిజామాబాద్‌లో 45 డిగ్రీలు కొత్త కాదు. ఎండలో ఆగిన కారు డ్యాష్‌బోర్డు మీద, బైక్ డిక్కీలో రిటైనర్ వదిలేస్తే వంకరపోతుంది.

• ఇంట్లో కుక్క ఉంటే డబ్బా ఎత్తులో పెట్టండి. రిటైనర్‌కు ఉండే వాసనకు కుక్కలు వచ్చి కొరికేస్తాయి.

పోయినా, బిగుతైనా ఏం చేయాలి?

రిటైనర్ పోతే 'వచ్చే నెల చూద్దాం' అనుకోవద్దు. ముఖ్యంగా మొదటి ఏడాదిలో రోజుల్లోనే తేడా రావచ్చు. వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయాలి.

కొన్ని రోజులు మానేసి మళ్లీ పెట్టుకుంటే బిగుతుగా ఉందా? పూర్తిగా కూర్చుంటే భయం లేదు, క్రమం తప్పకుండా పెట్టుకుంటే సర్దుకుంటుంది. అసలు కూర్చోకపోతే మాత్రం బలవంతంగా నొక్కొద్దు. పన్ను అప్పటికే జరిగిందని అర్థం. తొందరగా వెళ్తే చిన్న సర్దుబాటుతో అయిపోవచ్చు. ఆలస్యమైతే మళ్లీ క్లిప్పుల దాకా వెళ్తుంది.

వెనక అతికించిన తీగె ఒక చివర ఊడిందా? నాలుకకు గరుకుగా తగులుతుంది. దాన్ని మీరే లాగడం, కత్తిరించడం చేయొద్దు. అలాగని వదిలేయొద్దు కూడా. తీగె ఉందిలే అనుకుంటుండగానే ఆ పన్ను జరిగిపోతుంది. కనిపించని తీగె కదా.. కనీసం ఏడాదికోసారి డాక్టర్‌తో చూపించుకోవాలి.

ఈ రెండు పనులు అస్సలు చేయొద్దు

ఒకటి.. ఆన్‌లైన్‌లో దొరికే రెడీమేడ్ సిలికాన్ రిటైనర్ కొనడం. రిటైనర్ అంటే మీ పళ్ల అచ్చుతో చేసేది. అందరికీ సరిపోయే సైజు అంటూ ఉండదు.

రెండు.. సందు మళ్లీ వచ్చిందని వీడియో చూసి పళ్లకు రబ్బరు బ్యాండ్ వేసుకోవడం. ఇది చాలా ప్రమాదం. బ్యాండ్ జారి చిగురు లోపలికి వెళ్తే వేరు చుట్టూ ఎముక దెబ్బతింటుంది. గట్టి పన్ను కూడా ఊడిపోవచ్చు.

ఎక్కడికి వెళ్లాలి?

పళ్లు జరిపే ట్రీట్‌మెంట్‌కు ప్రత్యేక చదువు ఉంటుంది. బీడీఎస్ తర్వాత మూడేళ్లు ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసినవాళ్లే ఆర్థోడాంటిస్టులు. రిటైనర్ విషయంలోనూ వాళ్లను అడగడమే మంచిది. నిజామాబాద్‌లో ప్రైవేట్ క్లినిక్‌లతో పాటు, వర్ని రోడ్డులో మల్లారం దగ్గర మేఘన డెంటల్ కాలేజీ ఉంది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది.

క్లిప్పులు తీసే రోజు కుర్చీలోంచి లేచే ముందే ఈ నాలుగూ అడగండి.. రోజుకు ఎన్ని గంటలు పెట్టుకోవాలి? రాత్రిపూటకు ఎప్పుడు మారాలి? పోతే కొత్తదానికి ఎంత అవుతుంది? నా పళ్ల అచ్చు లేదా స్కాన్ ఫైల్ నాకు ఇస్తారా? ముఖ్యంగా ఆ చివరిది మర్చిపోవద్దు. క్లిప్పులు తీసిన రోజు పళ్లు ఎలా ఉన్నాయో చెప్పే రికార్డు అదే. పళ్లు జరగకముందే వెళ్తే రేపు హైదరాబాద్‌లో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా దాన్ని చూపించి కొత్త రిటైనర్ చేయించుకోవచ్చు.