మీకు తెలుసా? రోమ్ బంగారం దొరికిన కొండాపూర్

కొండాపూర్ అనగానే చాలామందికి హైటెక్ సిటీ పక్కనున్న కాలనీలే గుర్తొస్తాయి. శాతవాహనుల కొండాపూర్ వేరు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలు దాటి, సంగారెడ్డి మీదుగా వెళ్తే ఆ ఊరు వస్తుంది.

అక్కడి పాటిగడ్డను 1940ల తొలినాళ్లలో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో హైదరాబాద్ సంస్థాన పురావస్తు శాఖ తవ్వించింది. సీసం, రాగి నాణేలతో పాటు రోమన్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా బయటపడింది. నాణేలు పోసే మట్టి అచ్చులు దొరకడంతో ఇక్కడ టంకశాల ఉండేదని చరిత్రకారులు భావిస్తారు.

ఊరి దగ్గరే ఉన్న మ్యూజియంలో తప్పక చూడాల్సినవి మట్టిబొమ్మలు. తెల్లటి మెత్తని బంకమట్టిని రెండు అచ్చుల్లో నొక్కి, ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ అతికించి కాల్చేవారు. అందుకే లోపల డొల్లగా ఉంటాయి. కొప్పు ముడి, చెవి కమ్మలు కూడా ఎంత స్పష్టంగా తీర్చారో! రాతి శిల్పాలకు దక్కిన పేరు వీటికి దక్కకపోవడం అన్యాయం.

పటాన్‌చెరుదీ చిన్న చరిత్రేమీ కాదు. కల్యాణి చాళుక్యుల కాలంలో అది పెద్ద జైన కేంద్రం. అక్కడి తీర్థంకరుల నల్లరాతి విగ్రహాలు ఇప్పుడు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఉన్నాయి.

ఇక సంగారెడ్డి పాత జైలు 1796 నాటిది. దాన్నీ మ్యూజియంగా మార్చారు. రూ.500 కట్టి ఒకరోజు ఖైదీలా గడిపే పథకాన్ని 2016లో అక్కడే మొదలుపెట్టారు.