అమ్మీ మరువని నమాజు

దివ్య ఖుర్ఆన్ అన్నహ్ల్ సూరా 70వ ఆయతులోను, అల్‌హజ్ సూరా 5వ ఆయతులోను మనిషి ఆయుష్షు చివర చేరగల ఒక దీన దశ ప్రస్తావన ఉంది. అన్నీ తెలిసినవాడు ఏమీ తెలియనివాడైపోయే దశ అది. ప్రవక్త మహనీయులు (స) దాని నుండి అల్లాహ్ శరణు వేడుకునేవారని బుఖారీ హదీసు. మదర్సాలో ఉస్తాదులు చెప్పగా మేము విన్నాము. అర్థమైంది మాత్రం అమ్మీకి మతి తప్పడం మొదలైనప్పుడే.

నగరి మగ్గాల చప్పుళ్ల మధ్య బ్రతికిన మనిషి. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, తమిళం కలిపి మాట్లాడేవారు. మొదట తమిళం పోయింది, తర్వాత తెలుగు. మిగిలింది చిన్ననాటి ఉర్దూ. మమ్మల్ని చూసి, "భాయీజాన్, అబ్బా ఇంకా రాలేదా?" అని అడిగేవారు. అబ్బా వెళ్లిపోయి నలభై ఏళ్లు దాటింది. చూడవచ్చిన ఒక బంధువు ఆ మాట మొహం మీదే చెప్పేశాడు. అమ్మీ అప్పుడే విన్నట్టు వెక్కివెక్కి ఏడ్చారు. మేమైతే, "అబ్బా గురించి చెప్పండమ్మీ, వింటాం" అనేవాళ్లం. అబద్ధమూ లేదు, ఏడుపూ లేదు.

అజాన్ వినబడితే చాలు, చేయి కొంగు మీదికి వెళ్లేది. మా పేరు మరచిన ఆ నోట సూరా ఫాతిహా ఒక్క అక్షరం తప్పలేదు. రకాతుల లెక్క మాత్రం తప్పేది. సలాం తిప్పిన కాసేపటికే మళ్లీ వుజూకు లేచేవారు, రోజుకు పది పన్నెండు సార్లు.

"గాలి సోకింది, తావీదు కట్టించండి" అన్నవారున్నారు. సోదరులారా, ఇది జబ్బు. 1906లో ఆల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వివరించాడు. కొత్త సంగతులను పట్టి ఉంచే మెదడు భాగం ముందుగా దెబ్బతింటుంది. బాల్యం నుండి వేలసార్లు వల్లించి ఒంటికి అలవాటైనవి చాలాకాలం నిలుస్తాయి. మేము దీన్ని అల్లాహ్ కారుణ్యమంటాము. వైద్యుని మాటకు అది విరుద్ధం కాదు. 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. అంటే నూటికి ఏడుగురికి పైమాటే.

మతి లేనివారిపై కలం ఎత్తివేయబడిందని అబూదావూద్ హదీసు. ఆరోగ్యంలో చేస్తూ వచ్చిన ఆరాధన పుణ్యం జబ్బులోనూ వ్రాయబడుతుందని బుఖారీలో ఉంది. కనుక లెక్క తప్పిందని అమ్మీని ఎవరమూ దిద్దలేదు.

అయితే వుజూకు నీళ్లు పట్టిందెవరు? తడిసిన చాప మార్చిందెవరు? మా ఇంటావిడ. నాలుగేళ్లు ఒక్క పెళ్లికీ వెళ్లలేదు. జుమా తర్వాత మసీదులో మాత్రం "తల్లికి ఎంత సేవ చేస్తున్నారు!" అని మమ్మల్ని మెచ్చుకునేవారు. తల్లిదండ్రులను ఉఫ్ అని కూడా విసుక్కోరాదని బనీ ఇస్రాయీల్ సూరా 23వ ఆయతు ఆజ్ఞ. ఆజ్ఞ సంతానానికి. ఉఫ్ అనకుండా రాత్రులు గడిపింది కోడలు. షరీఅత్ ఆ భారం ఆమెపై పెట్టలేదు, ఆమె తన మంచితనంతో ఎత్తుకుంది. అందుకే గురు, శుక్రవారాల రాత్రులు మేమే అమ్మీ దగ్గర పడుకునేలా వంతు పెట్టుకున్నాము.

చివరి రంజాన్‌కు మాట పడిపోయింది. మగ్రిబ్ అజాన్ వేళ కుడిచేతి చూపుడువేలు మాత్రం మెల్లగా లేచేది. అది చూసి మా ఇంటావిడ చెంచాతో నీళ్లు పట్టేది.