బహుళ అంతస్తుల నివాసాలలో పంజరపు పక్షులు: వ్యాధుల గుర్తింపు, నిర్ధారణ, చికిత్స

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలలో మెట్ట చేలు, రాళ్ల గుట్టలు ఉన్నచోట బహుళ అంతస్తుల నివాసాలు వెలిశాయి. పెద్ద పెంపుడు జంతువులకు చోటు, తీరిక లేని కుటుంబాలు ఇక్కడ బడ్జెరిగార్, కాకటీల్, ఫించ్ వంటి పక్షులను పెంచుకుంటున్నాయి. నగరపు అంగళ్లలో ‘లవ్ బర్డ్స్’ పేరిట అమ్ముడయ్యేవి చాలావరకు బడ్జెరిగార్ పక్షులే. ఇవి 30 నుండి 40 గ్రాములు మాత్రమే తూగుతాయి. ఇంత చిన్న శరీరంలో నిల్వ శక్తి తక్కువ కనుక మేత మానిన పక్షి ఒకటి రెండు రోజులలోనే ప్రాణాపాయ స్థితికి చేరగలదు.

వ్యాధి గుర్తింపు

ప్రకృతిలో నీరసంగా కనిపించే పక్షిని వేటాడే జీవులు ముందుగా పట్టుకుంటాయి. అందువలన పక్షులు జబ్బును చివరి వరకు దాచుకుంటాయి. ఉదయం వెళ్లి రాత్రికి తిరిగివచ్చే ఉద్యోగి కంట అది పడేసరికి వ్యాధి ముదిరి ఉంటుంది. కాబట్టి ప్రతిదినం కొన్ని నిమిషాలు పరిశీలనకు కేటాయించవలెను.

ఈకలు ఉబ్బించి పగటిపూట నిద్రించడం, పంజరం అడుగున కూర్చోవడం, శ్వాసతో పాటు తోక పైకి కిందికి ఊగడం, ముక్కు రంధ్రాల చుట్టూ తడి ముఖ్య లక్షణాలు. ఆరోగ్యవంతమైన రెట్టలో ఆకుపచ్చ లేదా గోధుమరంగు మలం, తెల్లని యూరిక్ ఆమ్ల భాగం, కొద్దిపాటి నీరు విడివిడిగా కనబడతాయి. తెల్లని భాగం పసుపు లేదా ఆకుపచ్చ రంగుకు మారితే కాలేయవ్యాధిని అనుమానించవలెను. గ్రాము వరకు చూపే వంటింటి త్రాసుపై వారానికి రెండుసార్లు తూకం వేసి రాసిపెట్టుకోవలెను. బరువు పదవ వంతు తగ్గితే ఇతర లక్షణాలు లేకున్నా వైద్యుని సంప్రదించవలెను.

మేతలో లోపాలు

కొర్ర, సజ్జ, పొద్దుతిరుగుడు గింజలు మాత్రమే తినే పక్షులలో ఎ విటమిన్, కాల్షియం లోపాలు సాధారణం. ఎ విటమిన్ లోపంతో నోటి లోపలి పొర మందమై తెల్లని మచ్చలు ఏర్పడతాయి, శ్వాసకోశ వ్యాధులు తేలికగా సోకుతాయి. కాల్షియం లోపించిన ఆడపక్షిలో గుడ్డు లోపలే ఇరుక్కుంటుంది; పక్షి ముక్కుతూ, పొట్ట ఉబ్బి కూర్చుంటుంది. ఇది అత్యవసర స్థితి. పొద్దుతిరుగుడు గింజలలో కొవ్వు అధికం కనుక కాలేయానికి కొవ్వు పడుతుంది. మునగాకు, క్యారెట్, కొత్తిమీర ప్రతిదినం కొద్దిగా అందించి, పంజరంలో సముద్రపు నురుగు వేలాడదీయవలెను.

గింజల నిల్వ కూడా ముఖ్యమే. వానాకాలంలో తేమ చేరిన ధాన్యంపై ఆస్పర్జిల్లస్ శిలీంధ్రం పెరుగుతుంది. ఒక జాతి శిలీంధ్రం విడుదల చేసే అఫ్లటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తే, మరొక జాతి బీజాలు గాలితిత్తులలో చేరి శ్వాసను అడ్డుకుంటాయి. బూజు వాసన, ఉండకట్టడం గమనించిన ధాన్యాన్ని కడిగి ఆరబెట్టి వాడరాదు, పారవేయవలెను.

అంటువ్యాధులు

క్లమిడియా సిట్టాసి అనే బాక్టీరియా వల్ల కలిగే సిట్టకోసిస్ మనుషులకూ సోకుతుంది. 1929-30లో చిలుకల వ్యాపారం ద్వారా ఇది అమెరికా, యూరప్ దేశాలలో వ్యాపించింది. ఎండిన రెట్ట ధూళిని పీల్చినందువల్ల మనుషులకు జ్వరం, తలనొప్పి, పొడిదగ్గు, న్యుమోనియా రావచ్చు. అటువంటి రోగి తన ఇంట పక్షులున్న సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను. బాల్కనీలకు చేరే పావురాలు కూడా ఈ సూక్ష్మజీవిని మోయగలవు కనుక పంజరాన్ని వాటికి అందకుండా ఉంచవలెను.

ముక్కు మొదలు, కాళ్లపై తేనెపట్టును పోలిన పొక్కు కనిపిస్తే అది సూక్ష్మ పురుగుల వల్ల కలిగే గజ్జి. ఈకలు వికృతంగా పెరిగి రాలిపోతూ, ముక్కు పెళుసుబారితే సర్కోవైరస్ వ్యాధిని అనుమానించవలెను. అయితే తోడు లేక తన ఈకలను తానే పీక్కునే పక్షిలో తల ఈకలు చెక్కుచెదరవు. తలపైని ఈకలు కూడా చెడితే కారణం వేరని గ్రహించవలెను.

గృహంలోని విషాలు

అంటుకోని పూత గల పెనం ఖాళీగా పొయ్యిపై మరచిపోతే వెలువడే పొగకు పక్షులు నిమిషాలలో మరణించగలవు. తలుపులు మూసి ఉండే చిన్న ఫ్లాట్లలో ఈ ముప్పు అధికం. పంజరానికి వంటగది తగదు. అగరుబత్తి, దోమల మందు పొగ, అవకాడో, చాక్లెట్, జింకు పూత ఊడుతున్న తీగలు కూడా హానికరం.

నిర్ధారణ, చికిత్స

లక్షణాలు ఒకదానినొకటి పోలి ఉంటాయి కనుక రెట్ట పరీక్ష, రక్తపరీక్ష, ఎక్స్‌రే, పి.సి.ఆర్. పరీక్షల ఆధారంగానే చికిత్స నిర్ణయించవలెను. సిట్టకోసిస్‌కు డాక్సీసైక్లిన్ సాధారణంగా 45 రోజులు ఇస్తారు. మందు నోటి ద్వారా ఇచ్చేటప్పుడు కాల్షియం దాని శోషణను తగ్గిస్తుంది కనుక సముద్రపు నురుగును తీసివేయవలెను. గజ్జికి ఐవర్‌మెక్టిన్ పనిచేస్తుంది. కాని 35 గ్రాముల పక్షికి ఒక చుక్క ఎక్కువైనా ప్రమాదమే. సర్కోవైరస్‌కు నిర్దిష్ట చికిత్స లేదు.

అంగడిలో కొన్న యాంటీబయాటిక్ పొడిని నీటిలో కలపడం తగదు. జబ్బుపడిన పక్షి నీరు తక్కువ తాగుతుంది. అరకొర మోతాదు సూక్ష్మజీవులలో నిరోధకతను పెంచుతుంది. వైద్యం అందేలోగా పక్షిని వేరుచేసి, సుమారు 30 డిగ్రీల వెచ్చదనంలో, నిశ్శబ్దంగా ఉంచవలెను. బలవంతంగా నోటిలో నీరు పోయరాదు. రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాలకు ఈ ప్రాంతం నుండి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా చేరుకోవచ్చు. వెళ్లేటప్పుడు ఆనాటి రెట్ట పడిన కాగితం, తూకాల పట్టిక, మేత నమూనా తీసుకువెళ్లవలెను.

నివారణ

కొత్త పక్షిని కనీసం 30 రోజులు వేరు గదిలో ఉంచవలెను. అడుగు కాగితాన్ని రోజూ మార్చి, రెట్టను ఊడ్చకుండా తడిపి తుడవవలెను. మన దేశపు రామచిలుకను పట్టడం, అమ్మడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కొన్ని విదేశీ జాతులకు 2024 నిబంధనల మేరకు నమోదు తప్పనిసరి. కొనుగోలుకు ముందే ఈ వివరాలతో పాటు పక్షులకు వైద్యం చేసే నిపుణుని చిరునామా తెలుసుకొని ఉండటం శ్రేయస్కరం.